సర్జరీ క్లినిక్‌కి వెళ్లే ముందు, వెళ్లాక: గడ్డ తీయించుకోవడం నుంచి కాస్మెటిక్ ఆపరేషన్ దాకా

వీపు మీద కొవ్వు గడ్డ, గజ్జల్లో హెర్నియా, ముఖం మీద పుట్టుమచ్చ, పొట్ట చుట్టూ కొవ్వు. ఇవన్నీ ఒకే సర్జరీ క్లినిక్ బోర్డు మీద వరసగా కనిపిస్తాయి. బోర్డు ఒకటే గానీ లోపలికి వెళ్లేవాళ్ల అవసరం ఒకటి కాదు. జబ్బుతో వెళ్లేవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు నాన్చడం. అందం కోసం వెళ్లేవాళ్లు చేసే పొరపాటు తొందరపడటం. అందుకే డాక్టర్ని వెతకడం కంటే ముందు, మీరు ఏ వరసలో ఉన్నారో తేల్చుకోండి.

మొదటి మెట్టు: ఇది ఆగొచ్చా, ఆగకూడదా?

కొన్నింటికి అపాయింట్‌మెంట్ తీసుకుని కూర్చునే టైమ్ ఉండదు. హెర్నియా ఉబ్బు రోజూ పడుకుంటే లోపలికి పోయేది, ఇవాళ పోవడం లేదు, గట్టిపడింది, నొప్పిగా ఉంది, వాంతులవుతున్నాయి అంటే లోపల పేగు ఇరుక్కుని ఉండొచ్చు. బొడ్డు దగ్గర మొదలైన నొప్పి కొన్ని గంటల్లో కుడివైపు కింది పొట్టకి జరిగి, జ్వరం కూడా తోడైతే అపెండిక్స్ అనుమానించాలి. షుగర్ ఉన్నవాళ్లకి చీము గడ్డ వచ్చి చుట్టూ ఎర్రదనం పాకుతూ చలిజ్వరం వస్తే అదీ ఈ కోవలోదే. ఇలాంటప్పుడు చిన్న క్లినిక్ కాదు, ఎమర్జెన్సీ ఉన్న ఆసుపత్రికే నేరుగా వెళ్లండి.

ఇక ప్లాన్ చేసుకుని చేయించుకునేవి. గాల్‌బ్లాడర్‌లో రాళ్లుండి, తిన్న తర్వాత పొట్ట పైభాగంలో నొప్పి మళ్లీమళ్లీ వస్తుంటే ఆపరేషన్ అవసరమే. వేరే దేనికో తీసిన స్కాన్‌లో రాళ్లు కనిపించాయి, మీకు ఏ బాధా లేదు అంటే చాలామందికి ఆపరేషన్ అక్కర్లేదు. మగవాళ్లలో నొప్పి లేని చిన్న గజ్జల హెర్నియాని కొంతకాలం గమనిస్తూ ఉండొచ్చు. ఆడవాళ్లలో గజ్జల హెర్నియాకి మాత్రం పేగు ఇరుక్కునే ప్రమాదం ఎక్కువ కాబట్టి వాయిదా వేయడం మంచిది కాదు. మలంలో రక్తం పడితే పైల్సే అని మీకు మీరే తేల్చుకోవద్దు. ముఖ్యంగా వయసు నలభై దాటినవాళ్లు, ఇంట్లో ఎవరికైనా పెద్దపేగు క్యాన్సర్ వచ్చినవాళ్లు ముందు పరీక్ష చేయించుకుని, ఆ తర్వాతే పైల్స్ చికిత్స గురించి ఆలోచించాలి.

నన్నడిగితే, అసలు జాగ్రత్త కావాల్సింది జబ్బుకీ, అందానికీ మధ్యలో ఉండేవాటికి. చూడ్డానికి బాగోలేదని తీయించుకోవాలనుకునే పుట్టుమచ్చే చూడండి. అది రెండు వైపులా ఒకేలా లేకపోయినా, అంచులు చిందరవందరగా ఉన్నా, ఒకే మచ్చలో రెండు మూడు రంగులున్నా, 6 మిల్లీమీటర్ల కంటే పెద్దదైనా, ఈమధ్య మారుతున్నా అది అందానికి సంబంధించిన విషయం కాకపోవచ్చు. ముదురు రంగు చర్మం ఉన్నవాళ్లకి మెలనోమా అనే చర్మ క్యాన్సర్ అరికాలి మీదో, అరచేతి మీదో, గోరు కిందో రావడం ఎక్కువ. అక్కడ కొత్తగా నల్లమచ్చ కనిపిస్తే ఎప్పుడో బూటు నొక్కుకుని ఉంటుందిలే అని వదిలేయకండి. అనుమానం ఉన్న మచ్చని లేజర్‌తో కాల్చేస్తే పరీక్షకి పంపడానికి ఏమీ మిగలదు. దాన్ని కోసి తీసి బయాప్సీకి పంపాల్సిందే. ఏ మచ్చనైనా చూడకుండానే 'లేజర్‌తో ఐదు నిమిషాల్లో పోతుంది' అనే చోటికి నేనైతే వెళ్లను.

కొవ్వు గడ్డలదీ అదే సంగతి. వేలితో నొక్కితే మెత్తగా జారుతూ, ఏళ్ల తరబడి మెల్లగా పెరుగుతూ, నొప్పి లేకుండా ఉండేది మామూలుగా లైపోమా. అదే 5 సెంటీమీటర్లు దాటినా, త్వరగా పెరుగుతున్నా, గట్టిగా, లోతుగా అతుక్కున్నట్టున్నా కత్తి పెట్టే ముందు స్కాన్ తీయించాలి. మధ్యలో చిన్న నల్ల చుక్క ఉండి, నొక్కితే వాసనతో తెల్లగా వచ్చే గడ్డ సిస్టు. దాన్ని పిండటం వల్ల పోదు, పైగా చీము పడుతుంది. చీము పడ్డప్పుడు ముందు చీము తీసి, వాపు తగ్గాక లోపలి సంచితో సహా తీస్తారు. సంచి మిగిలితే గడ్డ మళ్లీ వస్తుంది.

మగవాళ్లలో రొమ్ములు పెరగడం కూడా జబ్బుకీ, అందానికీ మధ్యలో ఉండే ఈ వరసలోదే. కొన్ని మందులు, హార్మోన్ల తేడాలు, లివర్ జబ్బులు దానికి కారణం కావచ్చు. కారణం వెతక్కుండా కొవ్వు తీసేస్తామంటే ఒప్పుకోకండి. ఒకవైపే గట్టిగా తగులుతుంటే పరీక్ష ఇంకా ముఖ్యం.

రెండో మెట్టు: డాక్టర్‌నీ, చోటునీ ఎంచుకోవడం

ప్లాస్టిక్ సర్జన్ అంటే ఆ విభాగంలో ఏళ్ల తరబడి శిక్షణ పొంది పరీక్ష పాసైనవాళ్లు. కాస్మెటిక్ సర్జన్ అనే పేరుకి చాలా దేశాల్లో అలాంటి కట్టుబాటు లేదు, దాదాపు ఏ డాక్టరైనా పెట్టుకోవచ్చు. కాబట్టి బోర్డు మీద పేరు చూసి ఆగిపోకుండా డిగ్రీ ఏ విభాగంలోదో, మెడికల్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూడండి. అనుభవజ్ఞులైన జనరల్ సర్జన్ హెర్నియాలు అద్భుతంగా చేయొచ్చు. అంతమాత్రాన ముక్కు ఆకారం మార్చడం కూడా వారి పని అనుకోనక్కర్లేదు. కనురెప్పకి కాటరాక్ట్ చేసేవారికంటే రెప్పల సర్జరీలో శిక్షణ ఉన్నవారు కావాలి. 'ఈ ఆపరేషన్ పోయిన ఏడాదిలో మీరు ఎన్ని చేశారు?' అని అడగడం అవమానించడం కాదు. మంచి సర్జన్లు ఆ ప్రశ్నకి నొచ్చుకోరు.

ముందు, తర్వాత ఫొటోలు చూపిస్తే రెండు ఫొటోల్లో వెలుతురు, కోణం, ముఖ కవళిక ఒకేలా ఉన్నాయేమో చూడండి. మొదటి దాంట్లో దిగులుగా, రెండో దాంట్లో మేకప్‌తో నవ్వుతూ ఉంటే ఆ ఫొటో సర్జరీ గురించి ఏమీ చెప్పదు. ఆపరేషన్ అయిన ఎన్ని నెలలకి తీశారో కూడా అడగండి.

చోటు సంగతికొస్తే, ఎలాంటి మత్తు ఇస్తారన్నదాన్ని బట్టి చూడాలి. చిన్న గడ్డ, పుట్టుమచ్చ, లోపలికి పెరిగిన కాలిగోరు, చిరిగిన చెవితమ్మె లాంటివి అక్కడి వరకే తిమ్మిరెక్కించే ఇంజెక్షన్‌తో, శుభ్రమైన మైనర్ థియేటర్‌లో అయిపోతాయి. నిద్రమత్తు గానీ పూర్తి మత్తు గానీ ఇస్తే లెక్క మారుతుంది. ఆపరేషన్ చేసే మనిషీ, మత్తు చూసుకునే మనిషీ వేర్వేరుగా ఉండాలి. ఆక్సిజన్, మానిటర్లు, గుండె ఆగితే షాక్ ఇచ్చే యంత్రం, తేరుకునే గది ఉండాలి. అనుకోనిది జరిగితే ఏ ఆసుపత్రికి, ఎలా తీసుకెళ్తారో వాళ్ల దగ్గర సిద్ధంగా జవాబు ఉండాలి. 'మా దగ్గర అలాంటివి జరగవండీ' అనేది జవాబు కాదు.

ముఖంలో పల్లాలు నింపే ఇంజెక్షన్లయిన ఫిల్లర్లు ఎక్కించే చోట ఒక ప్రశ్న తప్పకుండా అడగండి: 'హయాలురోనిడేజ్ మీ దగ్గర ఉందా?' హయాలురోనిక్ యాసిడ్ ఫిల్లర్ పొరపాటున రక్తనాళంలోకి వెళ్తే దాన్ని కరిగించే మందు అది. ఆ మందు లేకుండా ఫిల్లర్ ఎక్కించే చోట కూర్చోకండి.

మూడో మెట్టు: మొదటిసారి డాక్టర్ దగ్గర

వట్టి చేతులతో వెళ్లకండి. మీరు వాడే మందుల జాబితా, పాత రిపోర్టులు తీసుకెళ్లండి. డాక్టర్ అడక్కపోయినా చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి: ఏ మందుకైనా, ప్లాస్టర్‌కైనా, రబ్బరు గ్లవ్స్‌కైనా ఎలర్జీ, పన్ను పీకించుకున్నప్పుడో కాన్పప్పుడో రక్తం ఆగక ఇబ్బందిపడటం, మీకు గానీ రక్తసంబంధీకులకు గానీ మత్తు ఇచ్చినప్పుడు ప్రమాదం జరగడం, పాత గాయాల మచ్చలు ఉబ్బి పెరగడం, గర్భం ఉండే అవకాశం. మొటిమలకి ఐసోట్రెటినోయిన్ వాడుతుంటే, ఈమధ్యే ఆపి ఉంటే అదీ చెప్పండి. లేజర్, చర్మం పైపొర తీసే పీల్ లాంటివాటికి దాన్ని బట్టి నిర్ణయం మారొచ్చు.

జబ్బుకి ఆపరేషన్ అయితే అడగాల్సిన ప్రశ్నలు తక్కువే:

ఇది చేయించుకోకపోతే ఏమవుతుంది?
మందులతోనో, ఆగి చూడటంతోనో కుదురుతుందా?
ఓపెన్ చేస్తారా, కెమెరాతో చేస్తారా, నాకు అదే ఎందుకు?
మళ్లీ పనిలోకి ఎప్పుడు?
తీసినదాన్ని పరీక్షకి పంపుతారా?

ఆఖరి ప్రశ్నకి 'పంపుతాం' అనే జవాబే రావాలి. చూడ్డానికి మామూలు గడ్డే అనిపించినవి ఒక్కోసారి కావు.

కాస్మెటిక్ అయితే మాట ఎక్కువసేపు సాగాలి. మీకు నచ్చనిది ఏమిటో ఖచ్చితంగా చెప్పండి. 'ముఖం ఫ్రెష్‌గా కనిపించాలి' అంటే డాక్టర్‌కి ఏమీ అర్థం కాదు. 'పై రెప్ప చర్మం వేలాడి సాయంత్రానికి కళ్లు బరువెక్కుతున్నాయి' అంటే అర్థమవుతుంది. పైగా రెప్ప చూపుకి అడ్డం పడుతోందని పరీక్షలో తేలితే అది అందం లెక్కలోంచి అవసరం లెక్కలోకి మారిపోతుంది. సినిమా తారల ఫొటో చూపించడం తప్పు కాదు గానీ, ఎముక తీరు, చర్మం మందం వాళ్లవి వాళ్లవే. కంప్యూటర్‌లో చూపించే బొమ్మ కూడా మాట్లాడుకోవడానికి పనికొస్తుంది, దాన్ని హామీగా తీసుకోకూడదు.

లైపోసక్షన్ బరువు తగ్గించే చికిత్స కాదు. వ్యాయామానికి లొంగని కొవ్వుని ఒక చోట నుంచి తీసి ఆకారం సరిచేస్తుంది, అంతే. వేలాడే చర్మాన్ని బిగించదు. పొట్ట కండరాలు సాగి, చర్మం జారినవాళ్లకి కావాల్సింది టమ్మీ టక్. అది పెద్ద ఆపరేషన్, తుంటి నుంచి తుంటి దాకా మచ్చ మిగులుతుంది. ఇంకా పిల్లలు కావాలనుకుంటున్నా, బరువు ఇంకా తగ్గుతున్నా అది అయ్యేదాకా ఆగండి. ముడతలకి ఇచ్చే బొటాక్స్ ఇంజెక్షన్ మూడు నాలుగు రోజుల్లో పనిచేయడం మొదలై, రెండు వారాలకి పూర్తిగా తెలుస్తుంది, మూడు నాలుగు నెలలకి తగ్గిపోతుంది. కాబట్టి పెళ్లికి రెండు రోజుల ముందు పరుగెత్తుకెళ్లి ప్రయోజనం లేదు. రొమ్ము ఇంప్లాంట్లు జీవితాంతం ఉండేవి కావు. ఏదో ఒకనాడు తీయడమో మార్చడమో ఉంటుందని ముందే లెక్కేసుకోవాలి.

అద్దంలో కనిపించే లోపం గురించి రోజూ గంటల తరబడి ఆలోచిస్తూ, బయటికి వెళ్లడం మానేసి, ఇంట్లోవాళ్లకి అది కనిపించడమే లేదంటే ఆపరేషన్ వల్ల ఆ బాధ పోయేది అరుదు. ముందు మానసిక వైద్యుల్ని కలవాలి. 'మీకు ఇది వద్దు' అని చెప్పగలిగే సర్జన్ దొరికితే వాళ్ల నంబర్ దాచుకోండి.

మొదటిరోజే అడ్వాన్స్ కట్టొద్దు. 'ఇవాళ బుక్ చేస్తే డిస్కౌంట్' అని సోఫాలో కూర్చోబెట్టి టీ ఇచ్చి మరీ చెబుతారు. కనీసం రెండు వారాలు ఆగి, మళ్లీ ఒకసారి సర్జన్‌నే కలిసి, ఆ తర్వాత నిర్ణయం తీసుకోండి. మాట్లాడేది సేల్స్ కౌన్సెలర్ అయి, సర్జన్ ఆపరేషన్ రోజే కనిపిస్తానంటే అక్కడి నుంచి లేచి రావడమే.

డబ్బు సంగతి

అంచనా కాగితం మీద తీసుకోండి. అందులో సర్జన్ ఫీజు, మత్తు డాక్టర్, థియేటర్, పరీక్షలు, బయాప్సీ, మందులు, బిగుతు దుస్తులు, తర్వాతి డ్రెస్సింగులు విడివిడిగా ఉండాలి. ఫలితం సరిగ్గా రాకపోయి మళ్లీ చేయాల్సి వస్తే ఎవరు భరిస్తారో అందులోనే రాయించుకోండి. అందం కోసం చేయించుకునేవాటిని బీమా సాధారణంగా భరించదు. వాటివల్ల వచ్చే ఇబ్బందుల చికిత్సకి కూడా కొన్ని పాలసీలు ఇవ్వవు. జబ్బుకి సంబంధించినదైతే ముందే అనుమతి తెచ్చుకోండి.

నాలుగో మెట్టు: ఆపరేషన్‌కి ముందు వారాలు

ఫలితాన్ని మార్చే పనుల్లో మీ చేతిలో ఉన్నవి ఎక్కువగా ఇక్కడే ఉన్నాయి.

సిగరెట్ మొదటిది. నికోటిన్ చర్మానికి వెళ్లే సన్నటి రక్తనాళాల్ని కుదించేస్తుంది. చిన్న గాయమైతే మానడం ఆలస్యమవుతుంది. టమ్మీ టక్, ఫేస్ లిఫ్ట్ లాంటి, చర్మాన్ని పైకి లేపి మళ్లీ కుట్టే ఆపరేషన్లలో అయితే చర్మం అంచులు నల్లబడి చచ్చిపోవచ్చు. కనీసం నాలుగు వారాల ముందు మానాలి, తర్వాత కూడా అన్ని వారాలు ముట్టకూడదు. నికోటిన్ గమ్, వేప్ వాడుతుంటే అవి కూడా నికోటినే, డాక్టర్‌కి చెప్పండి. తాగుతూనే మానేశానని అబద్ధం చెబితే నష్టం మీ చర్మానికే.

రక్తం పలచబరిచే మందులు రెండోది. ఇక్కడ రెండు రకాల తప్పులు జరుగుతాయి. వాడుతున్న సంగతి చెప్పకపోవడం ఒకటి. ఆపరేషన్ అనగానే సొంతంగా ఆపేయడం రెండోది. గుండెలో స్టెంట్ ఉన్న మనిషి చిన్న గడ్డ కోసం మాత్రలు ఆపేసి గుండెపోటు తెచ్చుకోవడం కంటే ఘోరం ఏముంటుంది? చర్మం మీద చేసే చిన్న ఆపరేషన్లలో చాలావాటికి ఈ మందులు ఆపనక్కర్లేదు. పెద్దవాటికి ఆపాల్సి వస్తే ఏది, ఎన్ని రోజుల ముందు అన్నది సర్జన్, గుండె డాక్టర్ కలిసి చెప్పాలి. విటమిన్ ఇ, చేపనూనె క్యాప్సూల్స్, మూలికల మాత్రలు కూడా రక్తస్రావం పెంచొచ్చు. 'అవి మందులేం కాదు కదా' అని జాబితాలోంచి తీసేయకండి.

షుగర్ ఉన్నవాళ్లు మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించుకోండి. ప్లాన్ చేసి చేసే ఆపరేషన్లకి అది 8 శాతం లోపు ఉండాలని చాలామంది సర్జన్లు చూస్తారు, ఎక్కువుంటే ఇన్ఫెక్షన్ భయం. కాస్మెటిక్ అయితే షుగర్ అదుపులోకి వచ్చేదాకా వాయిదా వేయడానికి అసలు వెనకాడక్కర్లేదు. షుగర్ మందుల్లో రెండు రకాల గురించి ప్రత్యేకంగా అడగండి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటివి మూడు రోజుల ముందే ఆపమంటారు, ఎందుకంటే ఖాళీ కడుపుతో ఉన్నప్పుడు రక్తంలో కీటోన్లనే ఆమ్లాలు ప్రమాదకరంగా పెరగొచ్చు, షుగర్ రీడింగ్ మామూలుగానే ఉన్నా సరే. సెమాగ్లూటైడ్ లాంటి ఇంజెక్షన్లు కడుపు ఖాళీ అవడాన్ని నెమ్మదింపజేస్తాయి. ఇవి బరువు తగ్గడానికి వాడేవాళ్లు ఇప్పుడు చాలామంది ఉన్నారు, పైగా మందని అనుకోక చెప్పడం మర్చిపోతారు. మత్తు డాక్టర్‌కి తప్పక తెలియాల్సిన సంగతి అది. బీపీ మాత్రల్లో చాలావాటిని ఆపరేషన్ రోజు పొద్దున కూడా గుక్కెడు నీళ్లతో వేసుకోమంటారు, కొన్నింటిని మానమంటారు. పేరు చెప్పి అడగండి.

జలుబు, దగ్గు, జ్వరం ఉన్నా, కోసేచోట సెగ్గడ్డ లేచినా ఫోన్ చేసి చెప్పండి. డేట్ మారుతుందనే టెన్షన్‌తో దాచకండి.

అయిదో మెట్టు: ఆ రోజు

మత్తు ఇస్తారంటే మామూలు నియమం ఇది: తేలికపాటి ఘనాహారం 6 గంటల ముందు, నూనె, మాంసం ఉన్న భోజనం 8 గంటల ముందు ఆపాలి. నీళ్ల లాంటి పారదర్శకమైన ద్రవాలు 2 గంటల ముందు దాకా తాగొచ్చు. పాలు కలిపిన టీ, కాఫీ ఘనాహారంతో సమానం. రాత్రి నుంచి పచ్చి నీళ్లు కూడా ముట్టకుండా ఎండబెట్టుకోవడం పాత పద్ధతి, దానివల్ల నీరసం తప్ప లాభం లేదు. మీ డాక్టర్ చెప్పిన టైమ్ వేరుగా ఉంటే అదే పాటించండి. తిన్న సంగతి దాచి మత్తు తీసుకోవడం మాత్రం ప్రాణం మీదికి తెస్తుంది. మత్తులో కడుపులోది పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ముందు రోజు రాత్రి, ఆ పొద్దున సబ్బుతో స్నానం చేయండి. కోసేచోట వెంట్రుకల్ని ఇంట్లో రేజర్‌తో గీసుకోకండి. కంటికి కనిపించని గాట్లలోంచి సూక్ష్మక్రిములు చేరతాయి. అవసరమైతే వాళ్లే క్లిప్పర్‌తో కత్తిరిస్తారు. గోళ్లరంగు, నగలు, కాంటాక్ట్ లెన్సులు తీసేయండి. వదులుగా, ముందు గుండీలున్న బట్టలు వేసుకోండి.

థియేటర్‌లోకి వెళ్లే ముందు మీ పేరు, ఆపరేషన్, ఏ వైపు అన్నది ఒకరి తర్వాత ఒకరు అడుగుతుంటే చిరాకుపడకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన సర్జరీ చెక్‌లిస్టు అడగమన్నది అదే. ఎవరూ అడక్కపోతేనే అనుమానించాలి. మీరు మెలకువగా ఉన్నప్పుడే కోసేచోట పెన్నుతో గుర్తు పెట్టించుకోండి. పడుకోబెట్టాక చిన్న లైపోమా ఎక్కడుందో చేతికి దొరకడం కష్టం, నిలబడినప్పుడు ఉన్న కొవ్వు తీరు కూడా పడుకుంటే మారిపోతుంది.

తిమ్మిరి ఇంజెక్షన్ మొదట కొన్ని సెకన్లు మండుతుంది. తర్వాత లాగుతున్నట్టు, నొక్కుతున్నట్టు తెలుస్తుంది గానీ పదునైన నొప్పి తెలియకూడదు. తెలిస్తే ఓర్చుకోకుండా చెప్పండి, ఇంకాస్త మందు ఇస్తారు. ఆ ఇంజెక్షన్ తర్వాత పెదాలు తిమ్మిరెక్కినా, నోట్లో లోహం రుచి వచ్చినా, చెవుల్లో హోరు మొదలైనా వెంటనే చెప్పండి. మందు ఒంట్లోకి ఎక్కువగా చేరుతోందనడానికి అవి తొలి గుర్తులు.

ఆరో మెట్టు: ఇంటికొచ్చాక

నిద్రమత్తు, పూర్తి మత్తు ఏది ఇచ్చినా ఒక రోజంతా పెద్దవాళ్లు ఒకరు పక్కన ఉండాలి. ఆ 24 గంటలు బండి నడపొద్దు, ముఖ్యమైన కాగితాల మీద సంతకాలు పెట్టొద్దు.

నొప్పి మాత్రలు నొప్పి పెరిగాక వేసుకోవడం కంటే మొదటి రెండు మూడు రోజులు చెప్పిన టైమ్‌కి వేసుకోవడం మేలు. పారాసిటమాల్ ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకి రోజుకి 4 గ్రాములు దాటకూడదు. జలుబు మాత్రల్లో, ఇతర నొప్పి మాత్రల్లో కలిసి ఉండేదాన్ని కూడా ఈ లెక్కలో వేసుకోండి. గాల్‌బ్లాడర్ లాంటివి కెమెరాతో చేయించుకున్నవాళ్లకి భుజం నొప్పి వస్తే కంగారు పడనక్కర్లేదు. పొట్ట ఉబ్బించడానికి వాడిన గ్యాస్ వల్ల అది వస్తుంది, ఒకటి రెండు రోజుల్లో పోతుంది.

మంచం మీదే ఉండిపోకండి. అదే రోజు సాయంత్రం నుంచి ఇంట్లో నాలుగడుగులు వేయడం కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా చూస్తుంది. హెర్నియా తర్వాత బరువులు ఎత్తడానికి నాలుగు నుంచి ఆరు వారాలు ఆగమంటారు, నడకకి మాత్రం అడ్డు లేదు. లైపోసక్షన్ తర్వాత బిగుతు దుస్తులు కొన్ని వారాలు వేసుకోవాలి. వాపు నెలల తరబడి తగ్గుతూ వస్తుంది, వారానికే అద్దం ముందు నిలబడి డబ్బు వృథా అయిందని తేల్చేయకండి.

గాయాన్ని సాధారణంగా మొదటి 48 గంటలు తడపకూడదు. ఆ తర్వాత నీళ్లు పైనుంచి పోయేలా స్నానం చేసి మెత్తగా అద్దుకోవచ్చు. తొట్టిలో, ఈతకొలనులో మునగడం కుట్లు మానేదాకా వద్దు. డాక్టర్ చెప్పని పూతలు ఏవీ పూయకండి. కుట్లు ముఖం మీద 5 నుంచి 7 రోజులకి, తల మీద 7 నుంచి 10 రోజులకి, ఒంటి మీద, కాళ్లూ చేతుల మీద 10 నుంచి 14 రోజులకి తీస్తారు. ముఖం మీదివి ఆలస్యంగా తీస్తే కుట్ల గుర్తులు మెట్లలా మిగిలిపోతాయి, అందుకే ఆ అపాయింట్‌మెంట్ తప్పించొద్దు.

కొద్దిపాటి వాపు, కమిలిన రంగు, దురద మామూలే. మూడో రోజు తర్వాత నొప్పి తగ్గాల్సింది పోయి పెరుగుతున్నా, ఎర్రదనం పాకుతున్నా, చీము, జ్వరం వచ్చినా క్లినిక్‌కి వెళ్లండి. పది నిమిషాలు గట్టిగా అదిమి పట్టినా రక్తం ఆగకపోయినా, గాయం కింద ఉన్నట్టుండి బిగుతుగా ఉబ్బినా, ఒక పిక్క వాచి నొప్పి పెట్టినా, ఆయాసం, ఛాతీ నొప్పి వచ్చినా రాత్రి పూటైనా ఎమర్జెన్సీకే వెళ్లాలి. ఫిల్లర్ తర్వాత చర్మం పాలిపోయి వలలా చారలు కనిపించినా, భరించలేని నొప్పి ఉన్నా, చూపు మసకబారినా గంటలు కూడా ఆగకూడదు.

కుట్లు తీయించుకునే రోజు బయాప్సీ రిపోర్ట్ అడిగి తీసుకోండి. 'బాగుంటే మేం ఫోన్ చేయం' అన్న మాట మీద ఆధారపడొద్దు, రిపోర్ట్ ఎక్కడో ఫైల్‌లో ఉండిపోయినా ఫోన్ రాదు. పుట్టుమచ్చ అయితే చుట్టూ అంచులతో సహా పూర్తిగా వచ్చేసిందా అని చదివించుకోండి.

మచ్చ సంగతి

చర్మం కోస్తే మచ్చ పడుతుంది. మచ్చే లేకుండా చేస్తామనడం కంటే, దాన్ని ఎక్కడ కనపడకుండా దాస్తారో చెబితే అది నిజాయితీ. మొదటి రెండు మూడు నెలలు మచ్చ ఎర్రగా, గట్టిగా, ఇంకా వికారంగా మారుతుంది. ఆ దశ చూసి చాలామంది బెంబేలెత్తుతారు. అది మెత్తబడి రంగు తగ్గడానికి ఏడాది దాకా పడుతుంది.

గాయం పూర్తిగా మూసుకున్నాక సిలికాన్ జెల్ గానీ షీట్ గానీ మొదలుపెట్టొచ్చు. షీట్ అయితే రోజుకి కనీసం 12 గంటలు, రెండు మూడు నెలలు వాడితేనే ఫలితం. ఎండ తగిలితే మచ్చ నల్లబడుతుంది కాబట్టి గుడ్డతో కప్పండి, లేదా సన్‌స్క్రీన్ రాయండి. మచ్చ అసలు గాయం హద్దు దాటి పెరుగుతుంటే అది కీలాయిడ్. ఛాతీ మధ్యలో, భుజాల మీద, చెవితమ్మెల మీద ఎక్కువగా వస్తుంది, ముదురు రంగు చర్మానికి ఇంకా ఎక్కువ. దాన్ని ఊరికే కోసి తీసేస్తే మునుపటికంటే పెద్దదిగా తిరిగి రావొచ్చు. మొదట్లోనే స్టెరాయిడ్ ఇంజెక్షన్లతో అణచడం తేలిక. ఇంతకుముందు కీలాయిడ్ వచ్చినవాళ్లు ఛాతీ మీది చిన్న పుట్టుమచ్చని అందం కోసం తీయించుకోవాలా అన్నది రెండుసార్లు ఆలోచించుకోవాలి.

కాస్మెటిక్ ఫలితం నచ్చకపోతే రెండో ఆపరేషన్‌కి తొందరపడొద్దు. లోపల కణజాలం మెత్తబడేదాకా చాలావాటికి ఆరు నెలలు, ముక్కుకి ఏడాది ఆగుతారు. ఈలోపు నెలకోసారి ఒకే కిటికీ దగ్గర, ఒకే టైమ్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. మళ్లీ మాట్లాడటానికి వెళ్లినప్పుడు అవి పట్టుకెళ్తే, ఇంకా మారుతోందా, ఆగిపోయిందా అన్నది మీరూ డాక్టరూ కలిసి చూడొచ్చు.